బిగించడం, బిగియడం, బిగుసుకుపోవడం



వార్షికోత్సవ సంచికకు తెలుగు భాష మీద ఒక వ్యాసం కావాలని, అది పదో తరగతి పిల్లలకు పరీక్షల్లో కూడా ఉపయోగపడాలని సంపాదక వర్గం వారు అడిగారు. ఎం.ఏ. తెలుగు చదువుతున్నాం కాబట్టి మేము ప్రబంధాల గురించో, ఛందస్సు గురించో రాస్తామని వాళ్ళు అనుకుని ఉంటారు. వాటి మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము ఒకే ఒక్క క్రియను తీసుకున్నాం. అది ‘బిగించు’. మన ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మనమే. అయినా ఈ మాట మనకు ఏ లెక్చరరూ నేర్పలేదు. సంతకం కూడా రాని మన అమ్మానాన్నలు దీన్ని ఎక్కడ ఎలా వాడాలో ఏ పండితుడికీ తీసిపోకుండా వాడతారు. వాళ్ళు వాడే తీరునే కాస్త విడదీసి చూపించాలని ఈ ప్రయత్నం.

ముందు వ్యాకరణం చూద్దాం, తొందరగా ముగిద్దాం. ఈ మాటలన్నిటికీ మూలం ‘బిగి’. కన్నడం వాళ్ళూ ‘బిగి’ అనే అంటారు, అర్థం కూడా ఇదే. దీని నుంచి బిగువు, బిగుతు, బిగింపు అనే నామవాచకాలు వచ్చాయి. క్రియల్లో ‘బిగియు’ అకర్మకం, అంటే ఆ పని ఆ వస్తువుకే జరుగుతుంది. ‘బిగించు’ సకర్మకం, అంటే చేసేవాళ్ళు ఒకరు, దేనిమీద చేస్తున్నారో అది ఒకటి ఉండాలి. ముగియు - ముగించు, వెలుగు - వెలిగించు, కరుగు - కరిగించు ఎలాగో బిగియు - బిగించు కూడా అలాగే. ఈ రెండింటికీ తోడు మూడోది ఒకటి ఉంది. అది ‘బిగుసుకొను’. వాడుకలో ఎక్కువగా ‘బిగుసుకుపోవు’ అంటాం. అసలు విశేషమంతా ఈ మూడోదానిలోనే ఉందని మా అభిప్రాయం.

సైకిలు షాపులో సెలవుల్లో పనిచేసిన తమ్ముళ్ళకు ఇది ఇట్టే తెలుస్తుంది. పానా పట్టుకుని నట్టు తిప్పితే ‘నట్టు బిగించాను’ అంటాం. ఇక తిరగనంతవరకు వచ్చాక ‘నట్టు బిగిసింది’ అంటాం. రెండేళ్ళు వానకు తడిసి, తుప్పు పట్టి, ఇప్పుడు విప్పుదామంటే రాకపోతే ‘నట్టు బిగుసుకుపోయింది’ అంటాం. మొదటి వాక్యంలో మనిషి చెయ్యి ఉంది. రెండో వాక్యంలో ఆ చెయ్యి చేసిన పని ఫలితం ఉంది. మూడో వాక్యంలో ఎవరి చెయ్యీ లేదు, ఎవరి ఇష్టమూ లేదు. ఒకే మూలం నుంచి వచ్చిన మూడు రూపాల్లో మనిషి ప్రమేయం ఇలా మెట్టుమెట్టుగా తగ్గిపోతుంది. మళ్ళీ అవసరం వస్తుంది కాబట్టి ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

(పానా మాట వచ్చింది కాబట్టి ఐ.టి.ఐ.లో చేరబోయే వాళ్ళకు చిన్న ముక్క. ఏ నట్టయినా మామూలుగా కుడివైపు తిప్పితే బిగుస్తుంది, ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. సైకిలు ఎడమ పెడలుది మాత్రం తిరకాసు. దాని మర ఎడమవాటం, కాబట్టి ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. తొక్కుతూ ఉంటే దానంతట అది ఊడిపోకుండా అలా పెట్టారు.)

‘బిగి’కీ ‘గట్టి’కీ తేడా ఏమిటని పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. హాస్టల్ వంటగదిలో చపాతీ పిండిని ‘గట్టిగా కలుపు’ అంటారు, ‘బిగుతుగా కలుపు’ అనరు. చొక్కా ఒంటికి పట్టేస్తే ‘బిగుతుగా ఉంది’ అంటాం. అదే చొక్కా ‘గట్టిగా ఉంది’ అంటే గుడ్డ మన్నిక మంచిదని అర్థం. రాయి గట్టిది, కానీ రాయికి బిగువు ఉండదు. గట్టిదనం ఒకే వస్తువు లోపల ఉండే గుణం. బిగువు ఉండాలంటే కనీసం రెండు ఉండాలి. నట్టూ బోల్టూ, సీసా మూతా, ఒళ్ళూ బట్టా, తాడుకు రెండు కొసలూ. ఒకటి ఇంకొకదాన్ని పట్టుకుని లాగడమో, నొక్కడమో జరగాలి. నులకమంచం వదులైనప్పుడు కాళ్ళవైపు తాడు లాగి బిగించేటప్పుడు ఇద్దరు మనుషులు ఎందుకు కావాలో ఆలోచిస్తే ఈ మాట స్వభావం అర్థమవుతుంది.

ఈ క్రియకు నిఘంటువుల్లో వెనక్కి పోయినా వాడుకలో ముందుకు వచ్చిన అర్థం ఇంకొకటి ఉంది. ‘ఫ్యాను బిగించారు’, ‘కుళాయి బిగించారు’, ‘సీసీ కెమెరాలు బిగించారు’ అంటాం. ఇక్కడ తిప్పి గట్టి చేయడం ముఖ్యం కాదు. ఒక యంత్రాన్ని తెచ్చి, దాని చోట కుదిర్చి, పనిచేసేలా చేయడం ముఖ్యం. ఇంగ్లీషులో దీనికి వేరే మాట ఉంది, పుస్తక తెలుగులో ‘అమర్చు’, ‘ఏర్పాటు చేయు’ అంటారు. పేపర్ల వాళ్ళు, ఎలక్ట్రీషియన్లు మాత్రం ‘బిగించు’నే ఎంచుకున్నారు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టాలని నిర్ణయించి, ముందుగా శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. అప్పటి చర్చలో ‘మీటర్ల బిగింపు’ అనే మాట బాగా వినిపించింది. ‘మీటర్లు అమర్చారు’ అన్నా అదే పని. కానీ ‘బిగించారు’ అన్నప్పుడు రైతు చెవికి ఇంకో చప్పుడు కూడా వినిపిస్తుంది, ఏదో మెడకు బిగించినట్టు. ఆ చప్పుడు కోసమే వ్యతిరేకించేవాళ్ళకు ఆ మాట నచ్చి ఉంటుంది.

ఇక మన పనుల దగ్గరకు వద్దాం. ఈ మాటకు అసలు ఇల్లు చేతివృత్తులే.

తాడెక్కే గౌడన్నలకు మోకు ఉంటుంది. దాన్ని చెట్టు చుట్టూ, తన చుట్టూ వేసుకుని, వెనక్కి వాలి బిగువు మీద ఒక్కో అడుగు పైకి జరుగుతారు. అక్కడ బిగువు తప్పితే మనిషే ఉండడు. అంత ఎత్తు నుంచి పడి ప్రాణాలు పోయినవాళ్ళు, నడుం విరిగి మంచాన పడ్డవాళ్ళు చాలా ఊళ్ళల్లో ఉన్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షక కవచం’ పేరుతో వాళ్ళకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

పోచంపల్లి చీరల మీద అంచులు కాస్త మసకబారినట్టుండే ఆ బొమ్మలు ఎలా వస్తాయో మీలో ఎంతమందికి తెలుసు? నేసిన తర్వాత అద్దేవి కావు అవి. నేయకముందే నూలును కట్టలుగా చేసి, లెక్క ప్రకారం అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచుతారు. బిగించి కట్టిన చోటికి రంగు ఎక్కదు. కట్లు విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి బొమ్మ చెడిపోతుంది. ఒక చీర అందం మొత్తం మగ్గం ఎక్కకముందే, కట్టిన వేళ్ళ బిగువులో నిర్ణయమైపోతుందన్నమాట.

అన్నిటికన్నా మాకు దగ్గరిది డప్పు. గుండ్రటి చెక్క చట్రానికి తోలు మూసి చేస్తారు. తోలుకు గాలిలో తేమ తగిలితే అది సాగుతుంది, అప్పుడు కొడితే మోత మొద్దుగా వస్తుంది. అందుకే కొట్టేముందు ఎండుగడ్డో, కాగితాలో మంట వేసి డప్పుకు సెగ చూపిస్తారు. తేమ ఆరి, తోలు బిగుస్తుంది. వేలితో తట్టి చూస్తారు, ఇంకా కావాలంటే మళ్ళీ సెగ చూపిస్తారు. ఎక్కువైతే తోలు చిట్లిపోతుంది. ఎంత సెగ చాలో చెప్పే కొలత ఏదీ లేదు, చెవే కొలత. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల పట్టుకుని దరువు మొదలుపెట్టాక, మధ్యలో మోత తగ్గితే మళ్ళీ మంట దగ్గరికి వెళ్ళాల్సిందే. ఊళ్ళో పెళ్ళి అయినా చావు అయినా జాతర అయినా, ఆ మంట చుట్టూ నిలబడ్డది మన తాతలే.

ఇప్పుడు భాష సంగతి చూడండి. తోలు డప్పును మనవాళ్ళు ఎప్పుడూ ‘బిగించాం’ అనరు. ‘తోలు బిగిసింది’, ‘డప్పు కాగింది’ అంటారు. ఎందుకంటే అక్కడ చేసేది మనిషి కాదు, సెగ. మనిషి దగ్గరుండి చూసుకుంటాడు అంతే. ఈ మధ్య ప్లాస్టిక్ డప్పులు వచ్చాయి. వాటికి చుట్టూ నట్లు ఉంటాయి, మంట అక్కరలేదు, వానలో కూడా మోగుతాయి. వాటిని పానాతో ‘బిగిస్తారు’. వస్తువు మారగానే క్రియ అకర్మకం నుంచి సకర్మకానికి మారిపోయింది. వ్యాకరణం పుస్తకంలో పుట్టదు, పనిముట్టు దగ్గర పుడుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. కొత్త డప్పుల వల్ల తేలిక పెరిగింది, వాటిని తప్పుపట్టడం లేదు. కాకపోతే ఆ మంట చుట్టూ నిలబడి మాట్లాడుకునే పావుగంట పోయింది.

ఇప్పుడు పరీక్షలో వచ్చేవాటి గురించి. ‘నడుం బిగించు’ అంటే పనికి పూనుకొను, సిద్ధపడు. ‘పిడికిలి బిగించు’ అంటే తిరగబడు, పోరాటానికి నిశ్చయించుకొను. ‘పట్టు బిగించు’ అంటే అధికారం లేదా అదుపు పెంచుకొను. ‘ఉచ్చు బిగించు’ అంటే తప్పించుకోలేకుండా చేయు. ‘పెదవి బిగించు’ అంటే మాట బయటికి రానీయకుండా ఉండు. ‘ఊపిరి బిగబట్టు’ అంటే ఏమవుతుందో అని ఆత్రంగా చూడు. ‘పంటి బిగువున’ అంటే బాధను పైకి తెలియనీయకుండా ఓర్చుకుంటూ. సొంతవాక్యం రాసేటప్పుడు ‘రాము నడుం బిగించెను’ అని రాసి వదిలేయకండి. ఏ పనికి బిగించాడో రాస్తేనే అర్థం తెలిసినట్టు.

‘నడుం బిగించు’ దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లీషులో కూడా నడుముకు పెట్టుకునే బెల్టు బిగించడం అనే జాతీయం ఉంది. కానీ దాని అర్థం ఖర్చు తగ్గించుకోవడం, తిండి తగ్గి నడుం సన్నబడితే బెల్టు ఇంకో రంధ్రం లోపలికి పోతుంది కదా, అది. మన జాతీయంలో నడుం బిగించేది తిండి తగ్గి కాదు, పని ఎక్కువై. అనువాదం పేపరు రాసేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ‘ప్రభుత్వం ఖర్చుల విషయంలో నడుం బిగించింది’ అని అనువదిస్తే చదివేవాడికి ప్రభుత్వం ఖర్చు పెట్టడానికి ఉత్సాహంగా సిద్ధపడిందని అర్థమవుతుంది, అంటే పూర్తిగా తలకిందులు. ఇంగ్లీషు వాళ్ళ ఆ మాటకు మన దగ్గర సరైనది ‘కడుపు కట్టుకొను’. మన అమ్మలు కడుపు కట్టుకుని మనల్ని చదివించారు, నడుం బిగించి నాట్లు వేశారు. ఈ రెండూ వేరువేరు పనులు, ఒకే మనిషి చేసినా.

ఇంకొకటి కూడా గమనించాం. పేపర్లో నడుం బిగించేది ఎప్పుడూ అధికారులే. పారిశుద్ధ్యానికి అధికారులు నడుం బిగించారు, ప్లాస్టిక్ నివారణకు నగరపాలక సంస్థ నడుం బిగించింది. నిజంగా కొంగు తిప్పి నడుముకు బిగించి, తెల్లవారుజామున చీపురు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చే అమ్మ గురించి రాసేటప్పుడు ఈ మాట వాడగా మేము ఎక్కువసార్లు చూడలేదు. జాతీయాలు ఇలా అసలు యజమానుల చేతుల్లోంచి జారిపోతుంటాయి.

‘ఉచ్చు’ది ఇంకో రకం. వేటగాడు ఉచ్చు పన్ని ఇంటికి వెళ్ళిపోతాడు. జంతువు దానిలో కాలు పెట్టి, తప్పించుకోవాలని గుంజుకున్నకొద్దీ అది బిగుస్తుంది. కాబట్టి ‘ఉచ్చు బిగుస్తోంది’ అన్నప్పుడు లాగుతున్నది చిక్కుకున్న ప్రాణే. వడ్డీ అప్పుల గురించి మన ఊళ్ళల్లో ఈ మాట వాడేది అందుకే. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడమే ఆ గుంజులాట.

ఈ మాట ప్రాణాల మీదికి తెచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇవి ప్రతి హాస్టల్ పిల్లవాడికీ తెలియాలి కాబట్టి వివరంగా రాస్తున్నాం.

పాము కరిస్తే మన ఊళ్ళల్లో మొదట చేసే పని కాటుకు పైన తువ్వాలో తాడో బిగించి కట్టడం. విషం పైకి పాకకుండా ఆపుతుందని నమ్మకం. డాక్టర్లు దీన్ని వద్దంటున్నారు. బిగించి కడితే ఆ చెయ్యికో కాలికో రక్తం అందక కండ కుళ్ళిపోవచ్చు. రక్తపింజర లాంటి పాముల విషం కరిచిన చోటే కండను తినేస్తుంది, దాన్ని అక్కడే బంధిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. కట్టు ఒక్కసారిగా విప్పినప్పుడు ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. చేయాల్సిందేమిటంటే, కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా, విరిగిన ఎముకకు చెక్క కట్టినట్టు వదులుగా కట్టాలి. నడిపించకూడదు. కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు, మొలతాడు వెంటనే తీసేయాలి, ఎందుకంటే వాపు వచ్చాక అవే బిగుసుకుపోయి రక్తాన్ని ఆపేస్తాయి. 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది మన ఊరి దాకా రావాలంటే ముందు ఆ తువ్వాలు ముడి మానాలి.

ఫిట్స్ వచ్చినవాళ్ళకు పళ్ళు బిగుసుకుపోతాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చెంచా పెట్టి నోరు తెరవాలని చూస్తారు, చేతిలో తాళాలగుత్తి పెడతారు. తాళాల వల్ల వచ్చేది ఏమీ లేదు. చెంచా వల్ల పళ్ళు విరిగి గొంతులో పడే ప్రమాదం ఉంది. బిగుసుకున్నదాన్ని బలవంతంగా విప్పకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, దగ్గర ఉన్న రాళ్ళు, బెంచీలు జరిపి, ఆగేదాకా ఉండాలి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూడోది ధనుర్వాతం. గాయంలోకి సూక్ష్మజీవి చేరితే వస్తుంది. మామూలుగా ముందు దవడ బిగుసుకుంటుంది, తర్వాత వీపు కండరాలు బిగిసి ఒళ్ళు విల్లులా వంగుతుంది. ధనుస్సు అనే మాట పేరులోకి వచ్చింది అందుకే. పదేళ్ళకు, పదహారేళ్ళకు వేసే టీడీ టీకా దీని కోసమే. సూది అనగానే బాత్రూంలో దాక్కునే తమ్ముళ్ళు దయచేసి బయటికి రండి.

ఒంటి సంగతి అయింది, ఇక మనసు. ‘అడగ్గానే బిగుసుకుపోయాడు’ అంటాం కదా. ఇంటర్వ్యూల్లో, వైవాల్లో మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. పేపర్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు, హాస్టల్ వరండాలో అర్ధరాత్రి దాకా వాదించేవాళ్ళు, ఏసీ గదిలో నలుగురు పెద్దవాళ్ళ ముందు కూర్చోగానే మాట రాక నిలిచిపోతారు. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడిని పీజీ ప్రవేశం ఇంటర్వ్యూలో మొట్టమొదట అడిగిన ప్రశ్న ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’. వాళ్ళ నాన్న డప్పు కొడతాడు, కూలికి పోతాడు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత అడిగిన వాటిలో తనకు తెలిసినవాటికి కూడా జవాబు రాలేదు. గది బయటికి వచ్చాక ఆ జవాబులన్నీ మాకు గడగడా చెప్పాడు. లోపల ఉన్నవాళ్ళు రాసుకున్నది మాత్రం ‘విషయ పరిజ్ఞానం తక్కువ’ అని అయి ఉంటుంది. బిగుసుకుపోవడానికీ తెలియకపోవడానికీ తేడా ఉంది. మొదట చెప్పిన తుప్పు పట్టిన నట్టు గుర్తు చేసుకోండి. అది తిరగనంత మాత్రాన దానికి మర లేదని కాదు. ఏళ్ళ తరబడి ఏ వానలో తడిసిందో అడగాలి.

అలా ఎందుకు జరుగుతుందంటే, ప్రమాదం అనిపించినప్పుడు ఒళ్ళు మూడు పనుల్లో ఒకటి చేస్తుంది. ఎదురుతిరగడం, పారిపోవడం, లేదా కదలకుండా నిలిచిపోవడం. పెద్దవాళ్ళ ముందు మొదటి రెండూ చేయలేం కాబట్టి మూడోది మిగులుతుంది. కండరాలు బిగుస్తాయి, మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం, గొంతు పెగలదు. దీనికి ఉపాయం ఉంది. ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు 1929లో కండరాలను వదులు చేసే పద్ధతి మీద పుస్తకం రాశాడు. ఆయన పద్ధతిలో, వదులు చేయాలంటే ముందు కావాలనే బిగించాలి. పిడికిలి గట్టిగా బిగించి కొన్ని క్షణాలు ఉంచి, ఒక్కసారి వదిలేయాలి. తర్వాత భుజాలు, దవడ, కాళ్ళు, ఒక్కొక్కటీ అలాగే. బిగించి వదిలినప్పుడు కండరం ముందుకన్నా ఎక్కువ వదులవుతుంది, బిగువు ఎక్కడుందో మనకు తెలుస్తుంది కూడా. ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో కూర్చుని, పక్కవాడికి తెలియకుండా చేసుకోవచ్చు. ఇందులో వింత ఏమీ లేదు. తుప్పు పట్టిన నట్టు రాకపోతే సైకిలు మేస్త్రీ ఏం చేస్తాడు? రెండు చుక్కలు నూనె వేసి, ముందు కొంచెం బిగించే వైపే తిప్పి, పట్టు కదిలాక విప్పే వైపు తిప్పుతాడు. ఆ మిత్రుడు మరుసటి ఏడు ఇంకోచోట ఇంటర్వ్యూకు వెళ్ళేముందు మేము రూములో కూర్చుని అదే ప్రశ్న ఇరవైసార్లు అడిగాం. ‘డప్పు కొడతారండీ’ అని ఇరవైసార్లు చెప్పించాం. ఇరవయ్యోసారికి నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు అక్కడే చదువుతున్నాడు.

దీనికి వ్యతిరేక పదాల్లో ‘వదులు’ అందరికీ తెలుసు. ‘సడలు’, ‘సడలించు’ మాత్రం కాగితాల మీదే ఎక్కువ కనిపిస్తాయి. 2020లో ‘లాక్‌డౌన్ సడలింపు’ అని రోజూ విన్నాం. కానీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు ‘బిగించారు’ అనలేదు, ‘విధించారు’, ‘కఠినతరం చేశారు’ అన్నారు. మన దగ్గరికి ఈ మాట ఉద్యోగ ప్రకటనల్లో వస్తుంది. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ళు, ఓబీసీలకు 3 ఏళ్ళు వయోపరిమితిలో సడలింపు ఉంటుంది. కొందరు మిత్రులు ఈ మాటను తలదించుకుని చదువుతారు. భాష ప్రకారం చూస్తే సడలించడం అనేది ముందుగా బిగించి ఉన్నదానికే జరుగుతుంది. ప్రకటనలో సడలింపు మాత్రమే రాస్తారు, బిగించింది ఎవరో, ఎప్పుడో రాయరు.

మిగిలినవి కొన్ని గబగబా చెప్పేస్తాం. ‘బిగ్గరగా’ అంటే పెద్ద గొంతుతో. పాత తెలుగులో ‘బిగ్గ’ అంటే గట్టిగా, బిగుతుగా అని. ‘గట్టిగా పట్టుకో’, ‘గట్టిగా మాట్లాడు’ అని ఇప్పుడు మనం ఒకే మాటను పట్టుకీ గొంతుకీ వాడుతున్నాం కదా, అలాంటిదే. ‘బిగువు చేయు’ అంటే బెట్టు చేయడం, పిలిచినా వెంటనే రాకపోవడం. కథల మీద సమీక్షలు రాసేవాళ్ళు ‘కథనంలో బిగి ఉంది’ అంటారు, ఒక్క వాక్యం తీసేసినా వదులైపోతుందని దాని అర్థం. (ఈ వ్యాసానికి ఆ పరీక్ష పెట్టవద్దని మనవి.) ‘టైటు’ అనే ఇంగ్లీషు మాట వచ్చి బిగుతును కొంతవరకు పక్కకు నెట్టింది. ‘డబ్బులు టైటుగా ఉన్నాయి’ అంటున్నారు. ‘డబ్బులు బిగుతుగా ఉన్నాయి’ అంటే ఎవరికీ అర్థం కాదు. తెలుగులో అయితే ‘చేతిలో డబ్బు ఆడటం లేదు’ అనాలి.

‘బిర్రు’ అనే మాట కూడా ఈ కుటుంబానికి దగ్గరదే. ‘బిర్రుగా తిన్నాను’ అంటే పొట్ట బిగిసేలా తిన్నానని. ‘బిర్రబిగుసుకుని కూర్చున్నాడు’ అని కూడా అంటారు. మన హాస్టల్లోనే ఒక్కో రూములో ఒక్కో జిల్లా మాట వినిపిస్తుంది. తాడు, మూట, మంచం, డప్పు, మోకు, మగ్గం, మేస్త్రీ పని, వీటిలో మీ ఇంట్లో, మీ వీధిలో బిగించడానికి ఏ మాటలు వాడతారో ఈ సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకు రండి. ఊరి పేరు, చెప్పినవాళ్ళు చేసే పని కూడా పక్కన రాయండి. వచ్చే సంచికకు అవన్నీ ఒకచోట పెట్టి వేద్దాం.